రెక్క మీద బుడగ

నమోదు 1. సోమవారం

ఈ రోజు నీళ్ళరాయి వంతు మా ఇంటిది. పొద్దున్నే అక్కాచెల్లెళ్ళం ఇద్దరం, నేనూ అప్పా, బండి తోలుకుని రేవు వెనక గుట్టకి వెళ్ళాం. రాయంటే గడ్డకట్టిన నీళ్ళే, కొట్టడం కష్టం కాదు. దెబ్బ సరిగ్గా తగిలితే పలకలా ఊడి, తనకేం తొందర లేనట్టు మెల్లగా కిందికి దిగుతుంది. శని చుట్టూ తిరిగే ఈ చందమామ మీద ఏదీ గబుక్కున పడదు, వానచినుకుతో సహా. బండి నింపుకుని ఇంటికొచ్చి, సూట్లు విప్పి, రాయిని కాచే గదిలో పడేసి, కరిగిన మొదటి చెంబుడు నీళ్ళతో టీ పెట్టుకునేలోపే రేడియో మోగింది.

అవతలిరేవు నుంచి. మా సముద్రానికి అటు ఒడ్డున ఉన్న ఊరు అదొక్కటే. అక్కడి కొలిమి పంపు పగిలిందట. కొలిమి వేడి పుట్టిస్తూనే ఉంది, కానీ ఆ వేడిని ఇళ్ళకి మోసే గొట్టాల్లో ఏదీ కదలడం లేదు. నూట నలభై మందీ పిల్లాజెల్లాతో బడి హాల్లోకి చేరారు. బ్యాటరీల మీద ఆ ఒక్క గదినీ వెచ్చగా ఉంచుకుంటున్నారు. ఎంత పొదుపుగా వాడినా అవి శనివారం దాటవు.

పంపు మా దగ్గర ఇంకొకటి ఉంది. దాన్ని అటు చేర్చడమే సమస్య. వానాకాలం మొదలయ్యాక ఎగిరే బండ్లన్నీ షెడ్డులోనే ఉన్నాయి. కింద సముద్రం పళ్ళెంలో పోసినట్టు కదలకుండా ఉన్నా, మబ్బుల్లో గాలి వాటి రెక్కలు విరిచేస్తుంది. సరుకు పడవని నిండా బ్యాటరీలతో అప్పటికప్పుడు పంపేశాం, కానీ అది చేరేసరికి వచ్చే బుధవారమో గురువారమో అవుతుంది.

"లకుముకి ఉంది కదా" అన్నాను.

"ఉంది. దాని జబ్బూ దాంతోటే ఉందమ్మా" అన్నాడు యాకోబు బాబాయి. ఆయన మా రేవు పెద్ద, యంత్రశాల కూడా ఆయనదే.

లకుముకి మా రెక్కల పడవ. వేగం అందుకోగానే దాని పొట్ట సముద్రంలోని మీథేన్ ద్రవం మీంచి పైకి లేస్తుంది. రెండు పొడుగాటి కాళ్ళు, వాటి చివర మునిగి ఉన్న రెండు రెక్కలు, వాటి మీదే పరుగు. వెనకనుంచి గాలిపంకా తోస్తుంది. నడిపేది మా అప్ప నూకాలు. రెక్కల ఆకారం నేను గీసింది. జబ్బేమిటంటే, ఒక వేగం దాటగానే గజగజ వణికి, రెక్కలు పట్టు తప్పి, దబ్బున పొట్ట మీద పడుతుంది. వణకని వేగంతో వెళ్దామా అంటే బ్యాటరీ చాలదు. ఉన్న బ్యాటరీలో సగం లోపల కూర్చున్నవాళ్ళు చలికి చావకుండా చూడ్డానికే పోతుంది, అందుకని పడవ ఒక్క రోజుకి మించి సముద్రం మీద ఉండకూడదు. అవతలిరేవు చేరాలంటే ఇప్పటి వేగానికి రెండింతలు కావాలి.

అప్ప టీ గ్లాసు కింద పెట్టింది. "ఒలే పైడీ, ఆ వొణుకెందుకో నీ కంప్యూటరు సెప్తాదని ఎన్నాళ్ళ బట్టో అంటన్నావు. ఇప్పుడడుగు."

భయం వేసింది. అబద్ధం ఎందుకు, దానితో పాటే గుండె కూడా ఎగిరింది. నా లెక్కలు ఇంతకాలం ఎవరికీ అంత అవసరం పడలేదు.

నమోదు 2. అదే రోజు, మధ్యాహ్నం

పడవని వణికించి చూశాం. అప్ప దాన్ని రేవులోపలే వణుకు మొదలయ్యే ఆ చెడ్డ వేగం దాకా తీసుకెళ్ళింది. కుడి రెక్క పక్కన నేను కట్టిన కెమెరా, ఒక మైకు.

మైకులో ముందు ఏమీ లేదు. తర్వాత వేడి నూనెలో ఆవాలు వేసినట్టు చిటపట. తర్వాత ఆ చిటపట ఒక లయలో పడింది, ఆగి, రేగి, ఆగి, రేగి. ఆ లయతోనే పడవ ఊగింది, పడింది. అప్ప లోపలినుంచి తిట్టిన తిట్లు కూడా మైకులో ఉన్నాయి. అవి ఇక్కడ రాయను.

కెమెరాలో కనిపించింది చూసి నేను కుర్చీలోంచి లేచి నిలబడ్డాను. రెక్క పైభాగం మీద తెల్లటి బుడగ దుప్పటిలా పరుచుకుంటోంది. రెక్క సగం దాకా వచ్చి, వెనకనుంచి ద్రవం దాని కిందికి దూరి దాన్ని మొదలంటా పెరికేస్తోంది. చిరిగిన ముక్క మబ్బులా కొట్టుకుపోయి టపటపమని పేలుతోంది. మళ్ళీ కొత్త బుడగ.

ద్రవం రెక్క మీద వేగంగా జారేచోట ఒత్తిడి పడిపోతుంది. మరీ పడిపోతే ఇంత చలిలోనూ ద్రవం మరిగి బుడగ కడుతుంది. పుస్తకాల్లో దీన్ని కావిటేషన్ అంటారు, మా అప్ప బుడగ పట్టడం అంటుంది. రెక్క చుట్టూ ఉన్న సముద్రాన్ని కోట్ల గడులుగా కోసి, ఏ గడిలో ఎంత ద్రవం, ఎంత బుడగ, ఎటు పరుగు అని క్షణక్షణానికీ లెక్క కట్టడం నా పని. ఆ లెక్క ప్రకారం ఈ వేగం దగ్గర బుడగ రాకూడదు. ఒక్కటి కూడా.

కానీ వచ్చింది. నా కళ్ళతో చూశాను. లెక్క తప్పని తేలడం ఇంత సంతోషంగా ఉంటుందని నేననుకోలేదు. తప్పు ఉందంటే దిద్దడానికి ఏదో ఉన్నట్టే కదా.

నమోదు 3. మంగళవారం

అవతలిరేవు రేడియో దగ్గర కూర్చున్నది తాతారావు గారు. ఆయనా నాలాగే లెక్కల మనిషి. మేం ఎప్పుడూ ఒకరినొకరు చూసుకోలేదు, రేడియోలో పోట్లాడుకోని వారం మాత్రం లేదు. ఆయన మాట గోదావరి మాట. వాళ్ళ ముత్తాతలు భూమి నుంచి తెచ్చిన మాటని ఆయన భద్రంగా వాడుతున్నారు.

"ఎలా ఉన్నారు?" అన్నాను.

"ఆయ్, బానే ఉన్నామండి. అందరం ఒకరి మీద ఒకరం పడుకుంటున్నాం. మీ వీడియో చూశాను. నేను చెప్పలేదేంటండీ? మీ లెక్కల సముద్రంలో గాలి లేదు."

ఆయన మాట కొత్తది కాదు. మా సముద్రం ఒట్టి మీథేన్ కాదు, ఆకాశంలోని నైట్రోజన్ అందులో కరిగి ఉంటుంది, సోడాలో గ్యాసులా. ఒత్తిడి కాస్త తగ్గితే చాలు, మీథేన్ మరగడానికి చాలా ముందే ఆ గ్యాసు బయటికి వస్తుంది. అది కూడా కలిపితే లెక్క పదింతలు బరువవుతుందని, ఊరి కంప్యూటర్ మొయ్యలేదని నేను పక్కన పెట్టాను. ఆయన పెట్టొద్దన్నారు.

"ఇప్పుడు కలుపుతాను" అన్నాను.

"కలిపితే మీ ఊరి కంప్యూటర్లన్నీ కావాలండి. ఇస్తారంటారా?"

యాకోబు బాబాయి భోజనాల హాల్లో అందరినీ కూర్చోబెట్టి అడిగాడు. బడి కంప్యూటర్లు, సినిమా గోడ, తోటలో మొక్కలకి నీళ్ళు వదిలే యంత్రం మెదడు, అన్నీ. చేతులెత్తమంటే ఎవరూ చెయ్యెత్తలేదు. అప్పటికే కొందరు తీగలు పీకి నా బల్ల దగ్గరికి మోసుకొస్తున్నారు.

మధ్యాహ్నానికి లెక్క నడుస్తోంది. ఒక సంగతి మాత్రం నన్ను తొలుస్తూనే ఉంది. పడవ ప్రతిసారీ కుడివైపే ముందు ఒరుగుతుంది. రెండు రెక్కలూ ఒకే అచ్చులో పోసినవి. మరి కుడిది ముందు బుడగ ఎందుకు పట్టాలి?

అప్పని అడిగితే "ఏమో, దానికి కుడికాలు బలం నేదు" అంది. నేను సూటు వేసుకుని, పడవ కిందికి దూరి, వేళ్ళతో తడిమాను. చేతి తొడుగు కొనలోని ఉష్ణమాపకం కొంచెం పైకి కదిలింది. క్యాబిన్‌ని వెచ్చబరిచే తీగ కుడికాలి లోపలినుంచే వెళ్తోంది! ఆ రవ్వంత వెచ్చదనం లోహంలోంచి రెక్కకి దిగుతోంది. వెచ్చబడ్డ ద్రవం గ్యాసుని పట్టి ఉంచలేదు, వదిలేస్తుంది.

పడవ కిందనుంచి బయటికి పాకుతూనే అరిచాను. అప్ప నాకేదో అయిందనుకుని పరిగెత్తుకొచ్చింది.

నమోదు 4. బుధవారం

లెక్క పూర్తయ్యింది. నా బల్ల మీది తెర చిన్నదని దాన్ని భోజనాల హాలు గోడ మీద వేశాం. ఊరంతా పొద్దుటి ఉప్మా ప్లేట్లతో కూర్చుంది. గోడ మీద ఒకవైపు కెమెరా బుడగ, ఇంకోవైపు లెక్క బుడగ.

రెండూ ఒకేసారి మొలిచాయి. రెక్క సగం దాకా ఒకేలా పాకాయి. ద్రవం కిందికి దూరింది. ఇటు చిరిగింది, అటూ చిరిగింది. మళ్ళీ మొలిచాయి, అదే లయ. హాల్లో ఎవరో ఈల వేశారు. బుడగ చిరిగినప్పుడల్లా పిల్లలు "ఢాం!" అని అరవడం మొదలుపెట్టారు. ఆఖరికి పెద్దవాళ్ళు కూడా అందుకున్నారు. నేను అంత గొడవ మధ్య నిలబడి ఏడ్చేశాను. కోట్ల గడుల్లో నేను రాసిన సూత్రాలు ఆ రెక్క చేసిన పనే చేస్తున్నాయి, వెంట్రుకవాసి తేడా కూడా లేకుండా.

సంబరం ప్లేట్లు కడిగేదాకానే ఉంది. ఎందుకంటే ఇప్పుడు లెక్క నిజం చెప్తోంది, ఆ నిజం బాలేదు. తీగ పక్కకి తప్పిస్తే వణుకు కొంచెం ఆలస్యమవుతుంది, అంతే. రెండింతల వేగం దగ్గర ఏ రెక్క పెట్టినా బుడగ పడుతుంది. మందంగా, పల్చగా, పొడుగ్గా, పొట్టిగా, అన్నీ వేసి చూశాను. మధ్యాహ్నానికి నా దగ్గర ఆకారాలు అయిపోయాయి.

తాతారావు గారికి చెప్పాను. ఆయన వెనక ఎవరో పాపాయికి జోల పాడుతున్నారు.

"మీరు ప్రయత్నించారండి. అది చాలు" అన్నారు.

ఆ మాట నాకు నచ్చలేదు. రేడియో కట్టేసి, విసుగుతో తెర మీది లెక్కలో వేగం మీటని చివరికంటా తోసేశాను. చెడ్డ వేగం దాటితే ఏమవుతుందో ఇంతవరకూ ఎవరూ చూడలేదు, దాటక ముందే పడవ పడిపోతుంది కనుక. లెక్కలో పడవ పడదు.

బుడగ చిరిగింది. చిరిగింది. ఇంకా వేగం. బుడగ రెక్క చివరిదాకా పాకింది. చివర దాటింది. రెక్క వెనక తోకలా సాగి, ఎక్కడో దూరంగా ముడుచుకుంది. లోపలికి దూరడానికి ద్రవానికి దారే లేదు. వణుకు గీత ఒక్కసారి ఎగిసి, తిన్నగా అయిపోయింది.

చెడ్డది బుడగ కాదు. సగం బుడగ. మొత్తం రెక్క పైభాగాన్ని కప్పేస్తే అది కుదురుగా, గాజులా నిలబడుతుంది. ఇన్నాళ్ళూ మేం దాన్ని రానివ్వకుండా చూశాం. రానిచ్చి, పూర్తిగా ఎదగనివ్వాలి!

మళ్ళీ రేడియో పట్టుకున్నాను. మాటలు ఒకదాని మీద ఒకటి పడ్డాయి. "ముందు అంచు కత్తిలా ఉండాలండీ, వెనక తెగ్గోసినట్టు మొండిగా ఉండాలి. అంచుని మనమే వేడి చేద్దాం. వేడి చేస్తే నైట్రోజన్ వస్తుంది, దాంతో బుడగని పెంచి నిలబెడదాం."

"పైడితల్లి గారూ, జబ్బునే మందంటున్నారేంటండీ? పడవని పైకెత్తే బలం సగం పోద్ది."

"పోతుంది. ఇక్కడ పడవ బరువెంత? మన ముత్తాతల లోకంలో ఇది నిలబడేది కాదు. ఇక్కడ మిగిలిన సగం చాలు."

ఆయన గొణుగుతూ లెక్క వేసుకోవడం వినిపించింది. తర్వాత, "ఆయ్" అన్నారు. ఇంకాసేపటికి, గట్టిగా, "ఆయ్!"

నమోదు 5. గురువారం

యంత్రశాలలో యాకోబు బాబాయి కొత్త రెక్కలు కోస్తున్నాడు. ఆ నిప్పురవ్వల పక్కన నేను ఆయన్ని ఊపిరి తీసుకోనివ్వడం లేదు.

"అంచు ఇంకా పదును కావాలి బాబాయ్."

"ఇంకా పదునంటే గెడ్డం గీసుకోవచ్చు."

"అలాగే కావాలి."

అంచు లోపల సన్నటి గాడి, గాడిలో వేడి తీగ. కుడిది, ఎడమది విడివిడిగా తిప్పడానికి రెండు మీటలు. ఎప్పుడు ఎంత తిప్పాలో చెప్పడానికి నా లెక్కలోంచి కుదించిన ఒక చిన్న నమూనా. అది పడవ కంప్యూటర్‌లో ఇముడుతుంది.

సాయంత్రం రెక్కలు బిగించాక అప్ప అడిగింది. "రేవులో ఒకసారి పరిగెట్టించి సూద్దుమా?"

ఈ ప్రశ్న కోసం నేను పొద్దుటినుంచి ఎదురుచూస్తున్నాను. "కుదరదప్పా. చెడ్డ వేగం దాటి మంచి వేగం అందుకునేలోపు రేవు అయిపోతుంది, గట్టుకి కొట్టుకుంటావ్. బయట సముద్రంలోనే చెయ్యాలి. అదే మొదటిసారి."

"అంటే ఎల్లడమే, సూడ్డం నేదు."

"అవును."

అప్ప రెక్క అంచుని తొడుగు వేలితో మెల్లగా రాసింది. "భూమ్మీద శని పడితే గుళ్ళు తిరిగీవోరట. మనం పుట్టిందే శని ఇంట్లో. కొత్తగా పట్టీదేటుంది?" నా వైపు తిరిగింది. "మరి ఆ మీటలు ఎవులు తిప్పుతారు?"

యాకోబు బాబాయి నన్ను చూశాడు. నేను నేలని చూశాను. పడవని ఎప్పుడూ ఒడ్డునుంచే చూశాను నేను. కానీ ఆ నమూనా తప్పుదారి పడితే దాన్ని దారికి తేవడం నాకు తప్ప ఎవరికీ రాదు.

"నేనే" అన్నాను. అనగానే నవ్వొచ్చింది. నాకు ఎప్పట్నుంచో వెళ్ళాలని ఉందన్న సంగతి నాకు అప్పుడే తెలిసింది.

నమోదు 6. శుక్రవారం, సముద్రం మీద

పంపుని మధ్యలో కట్టేశాం. నేను అప్ప వెనక సీట్లో, మోకాళ్ళ మీద రెండు మీటలు. రేవు ముఖద్వారం దాటగానే ముందంతా నల్లటి సముద్రం, పైనంతా బెల్లంపాకం రంగు ఆకాశం. గోళీకాయలంత చినుకులు తీరిగ్గా దిగుతున్నాయి.

"సెప్పు" అంది అప్ప.

"తోసెయ్."

పొట్ట పైకి లేచింది. చిటపట మొదలైంది. మైకులో విన్నదానికీ, వెన్నుపూసలో వినడానికీ ఎంత తేడా! తర్వాత లయ, తర్వాత వణుకు. పళ్ళు టకటకలాడాయి. కుడివైపు ఒరిగాం, వెంటనే ఎడమవైపు. మీటలు తిప్పాను. అంచులు వెచ్చబడ్డాయి. తెర మీద రెండు బుడగలూ పాకుతున్నాయి, చిరుగుతున్నాయి, పాకుతున్నాయి.

"పైడీ, పడిపోతాదే!"

"వేగం తగ్గించకు! సగంలో ఆగితేనే పడిపోతాం. తొయ్యి!"

"నానేటి ఆపినానేటి!"

ఎడమ బుడగ రెక్క చివర దాటింది. కుడిది దాటలేదు. పడవ కుడికి వాలి, ద్రవం కిటికీని తాకింది. కుడి మీటని చివరికంటా తిప్పాను. ఒక్క క్షణం ఏమీ కాలేదు. తర్వాత—

వణుకు ఆగిపోయింది.

తగ్గలేదు, ఆగిపోయింది. ఎవరో చెయ్యి వేసి పట్టుకున్నట్టు. పంకా హోరు ఒక్కటే. పడవ గీత గీసినట్టు తిన్నగా పోతోంది. వేగం చూసి అప్ప ఆ అంకెని గట్టిగా చదివింది. నమ్మకం కుదరక మళ్ళీ చదివింది. ఇద్దరం ఒకేసారి కేకలు పెట్టాం, చిన్నపిల్లల్లా, మాటలు లేని కేకలు. వెనక కెమెరాలో మా వెంట తెల్లటి గీత, నల్లటి సముద్రం మీద దూరదూరం దాకా మరుగుతూ.

అప్ప ఏడుస్తోంది. "ఇదే, ఇదేనే" అంటోంది. "ఇది ఇలగ ఎగరాలని నానెప్పుడో..." మాట పూర్తి చెయ్యలేదు.

నమోదు 7. శుక్రవారం, ఇంకా సముద్రం మీదే

సగం దారి దాటాక కుడి బుడగ తోక పొట్టిగా అయింది. ముందు నా కళ్ళే అనుకున్నాను. తర్వాత ఎడమదీ. చూస్తూ ఉండగానే బుడగలు రెండూ రెక్క వైపు ముడుచుకొస్తున్నాయి. మీటలు పెంచాను. కాసేపు నిలిచాయి, మళ్ళీ ముడుచుకున్నాయి. నమూనా మాత్రం అంతా బాగుందంటోంది.

తాతారావు గారిని పిలిచాను. గొంతు బాగా పీలగా ఉంది. వాళ్ళు హాల్లో వేడి ఇంకా తగ్గించారట.

"బుడగ ఆకలితో చస్తోందండీ. వేడి పెంచినా గ్యాసు రావడం లేదు" అన్నాను.

"ఎక్కడున్నారు? నడిసముద్రం దాటారా?" ఆయన దగ్గు ఆగేదాకా ఆగాను. "మీ వైపు వానలెక్కువ కదండీ, మీథేన్ తేటగా ఉంటది, గ్యాసు బాగా పట్టుకుంటది. మా వైపు ఈథేన్ ఎక్కువ. చిక్కటి సముద్రం. అందులో కరిగేదే తక్కువండి."

నేను నమూనాలో సముద్రమంతా ఒక్కటే అనుకున్నాను. "ఎంత ఈథేన్? లెక్క చెప్పండి!"

"మొన్నే కొలిచానండి, మా గట్టు దగ్గర. రాసుకోండి." ఆయన చెప్పారు, వణుకుతున్న గొంతుతో, రెండుసార్లు, తప్పు పోకుండా. చిన్న నమూనాలో ఆ అంకెలు వేశాను. జవాబు వెంటనే వచ్చింది. బుడగ నిలవాలంటే అంచులకి ఇప్పుడిస్తున్న వేడికి మూడింతలు కావాలి.

అంత కరెంటు ఒక్కచోటే ఉంది.

"అప్పా, క్యాబిన్ వేడి ఆపెయ్యాలి. సూట్లలో ఉన్నదాంతోనే మనం సర్దుకోవాలి."

"ఎంతసేపు?"

"చేరేదాకా."

అప్ప వెనక్కి తిరిగి చూడలేదు. చెయ్యి చాపి క్యాబిన్ మీట కిందికి లాగేసింది. "బేగి తిప్పు మరి."

తిప్పాను. తోకలు సాగాయి, సాగి నిలబడ్డాయి. కిటికీల లోపలివైపు మా ఊపిరి మంచై పూత పూసింది. నేను గీకుతూ కూర్చున్నాను, అప్పకి దారి కనబడడానికి ఆ పూతలో చిన్న రంధ్రం ఉంటే చాలు. ముందు కాళ్ళు నొప్పి పుట్టాయి, తర్వాత నొప్పి పోయింది, పోవడమే ఎక్కువ భయపెట్టింది. తాతారావు గారు రేడియో కట్టలేదు. మమ్మల్ని నిద్రపోనివ్వకుండా మాట్లాడుతూనే ఉన్నారు. గడులు ఎంత చిన్నవి కొయ్యాలన్న పాత పోట్లాటని మళ్ళీ మొదటినుంచి మొదలుపెట్టారు. కావాలనే తప్పులు చెప్పారనుకుంటాను, నేను కోపంతో మెలకువగా ఉంటానని. నాకు నిజంగానే కోపం వచ్చింది.

"కాదండీ, అంచు దగ్గర గడి వెంట్రుకంత ఉండాలి, లేకపోతే ఆ దూరే ద్రవం కనబడదు" అని నేను అరుస్తున్నప్పుడు ఆయన మధ్యలో ఆగిపోయారు.

"పైడితల్లి గారూ."

"ఏమిటి?"

"కిటికీలోంచి తెల్ల గీత కనబడతంది. సముద్రం మీద. ఇటే వస్తంది."

ఆయన వెనక ఎవరో గట్టిగా పిలుస్తున్నారు, లెండి, లెండి, చూడండి అని.

నమోదు 8. శనివారం, అవతలిరేవు

రేవులోకి వచ్చేటప్పుడు అప్ప వేగం ఒక్కసారిగా కోసేసింది. వణుకుని తప్పించుకోవడానికి అదొక్కటే దారి. పొట్ట మీద ఎంత దబ్బున పడ్డామంటే, నాలుక కరుచుకున్నాను. సూట్లు వేసుకున్న మనుషులు అప్పటికే గట్టు దిగి వస్తున్నారు. మాకు లేచే ఓపిక లేదు. మమ్మల్ని ఒక చేత్తో, పంపుని ఇంకో చేత్తో మోసుకెళ్ళారు. ఇక్కడ మనుషులు తేలికే, పంపూ తేలికే, అయినా ఎందరు చేతులు వేశారో.

బడి హాల్లో నిలబడ్డానికి చోటు లేదు. అందరూ సూట్లలోనే, తొడుగులు తీయకుండా, పిల్లల్ని మధ్యలో పెట్టుకుని కూర్చున్నారు. మమ్మల్ని పిల్లల మధ్యలోకి తోశారు. నా కాళ్ళకి ఎవరో తమ ఒళ్ళో చోటిచ్చారు. అప్ప కూర్చుంటూనే నిద్రపోయింది.

పంపు బిగించడానికి మధ్యాహ్నమైంది. గోడవెంట పోయే గొట్టం ముందు ఒకసారి టంగుమంది. తర్వాత లోపల ఏదో కదిలిన చప్పుడు. గోడకి ఆనుకుని ఉన్న ఒక ముసలామె తన కుడి తొడుగు లాగేసి, ఉత్త అరచెయ్యి గొట్టానికి ఆనించింది. కళ్ళు మూసుకుంది. కాసేపటికి తలూపింది.

అంతే. హాలంతా తొడుగులు ఊడదీసే చప్పుడు. పిల్లలు, పెద్దవాళ్ళు, ఒకరి భుజాల మీంచి ఒకరు వంగి, గొట్టం పొడుగూతా చేతులు. చోటు దొరకనివాళ్ళు ముందువాళ్ళ చేతుల మీద చేతులు వేశారు.

నా పక్కన గడ్డం నెరిసిన పొట్టి మనిషి ఒకాయన గొట్టాన్ని రెండు చేతులతో పట్టుకుని ఉన్నాడు. రెండు వేళ్ళ కొనలు చలికి నల్లబడ్డాయి. వైద్యం గదికి పదమని ఎవరో లాగుతుంటే రానంటున్నాడు. నా వైపు తిరిగి, పేరు అడగకుండా, పలకరింపు లేకుండా మొదలుపెట్టాడు.

"తోక ఎంత పొడుగు సాగిందండీ, ఆఖర్లో?"

"పడవకి రెండింతలు."

"రెండింతలా? నా లెక్కలో ఒకటిన్నరే వచ్చిందే!"

"మీ లెక్క మార్చుకోండి" అన్నాను.

తాతారావు గారు నవ్వారు. ఆయన నవ్వు పొగలా గాల్లో కనిపించింది. తర్వాత పక్కకి జరిగి, గొట్టం మీద నా చేతులకి చోటిచ్చారు.